బందరు పోలీసు లైన్లు: తాతయ్య లాఠీ, నాన్నగారి పుస్తకం

మా చిన్నతనంలో బందరు (మచిలీపట్నం) పోలీసు లైన్లలో, అంటే పోలీసు కుటుంబాల వరుస ఇళ్ళలో, వేళ తెలుసుకోవడానికి ఎవరూ గడియారం వంక చూసేవారు కారు. గార్డు గది ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను, సెంట్రీలో ఉన్న జవాను గంటకొకసారి ఇనుప కమ్మీతో కొట్టేవాడు. నాలుగు కొట్టగానే అమ్మ లేచి పొయ్యి రాజేసేది. ఐదు కొట్టేసరికి నాన్నగారు బూట్లకు పాలిష్ పెట్టడం పూర్తి చేసేవారు. రాత్రి తొమ్మిది కొట్టాక వరుస ఇళ్ళలో దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోయేవి. పెళ్ళయి ఊరు విడిచి వెళ్ళిన తరువాత కూడా చాలా ఏళ్ళ పాటు అర్ధరాత్రి మెలకువ వస్తే ఆ పన్నెండు దెబ్బల కోసం నా చెవులు వెతుక్కునేవి.

మా అమ్మ తండ్రి బ్రిటిషు కాలంలో కానిస్టేబులుగా పనిచేశారు. మా నాన్నగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ చేశారు. మధ్యలో చాలాకాలం స్టేషను రికార్డులు రాసే రైటరుగా ఉన్నందువల్ల లైన్లలో ఆయనను అందరూ రైటరుగారనీ, అమ్మను రైటరుగారి భార్య అనీ పిలిచేవారు. ఒకే ఇంట్లో రెండు ప్రభుత్వాల ఖాకీ బట్టలు ఒకే దండెం మీద ఆరిన కుటుంబం మాది. అందుకే బందరు పోలీసుల చరిత్ర అంటే నాకు పుస్తకాల్లో చదివిన విషయం కంటే ముందు ఇంట్లో విన్న విషయం.

ఆ చరిత్రను నాన్నగారు ఎప్పుడూ 1859తో మొదలుపెట్టేవారు. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో పోలీసు అంటూ విడిగా ఒక శాఖ లేదు. 1816 నాటి రెగ్యులేషన్ ప్రకారం పన్ను వసూలు చేసే తహసీల్దారే తాలూకాలో పోలీసు అధికారి. ఊళ్ళో మునసబు, అతని కింద తలారి. శిస్తు వసూలు చేసే చేతికే మనిషిని పట్టుకుని కూర్చోబెట్టే అధికారం కూడా ఉంటే ఏమవుతుందో 1855లో మద్రాసు హింసల విచారణ సంఘం తన నివేదికలో బయటపెట్టింది. శిస్తు కట్టలేని రైతులను ఎండలో నిలబెట్టడం, వంగదీసి మెడను కాళ్ళకు కట్టడం వంటి పద్ధతులన్నీ అందులో నమోదయ్యాయి. దాని పర్యవసానంగానే 1859లో 24వ చట్టం వచ్చింది, రెవెన్యూ నుంచి పోలీసును వేరు చేశారు, విలియం రాబిన్సన్ అనే సివిలు అధికారి ఆ కొత్త శాఖకు మొదటి అధిపతి అయ్యాడు. దేశంలో చాలా ప్రాంతాలకు వర్తించిన 1861 పోలీసు చట్టం దీని తరువాత వచ్చినదే. సరిగ్గా ఆ 1859లోనే పాత మచిలీపట్నం, గుంటూరు, రాజమండ్రి జిల్లాలను కలిపి విడదీసి కృష్ణా, గోదావరి జిల్లాలుగా చేశారు, బందరు కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణమయింది. "మన జిల్లా, మన శాఖ ఒకే ఏట పుట్టిన కవలలమ్మా" అని నాన్నగారు ఎంతో మురిపెంగా చెప్పేవారు. 1904లో గుంటూరు వేరు జిల్లా అయ్యేదాకా, కృష్ణకు ఆవలి ఒడ్డు కూడా బందరు ముఖ్యపట్టణంగా ఉన్న ఈ జిల్లాలోనే ఉండేది.

ఆ తొలినాళ్ళలో స్టేషనుకు పెద్ద ఎవరో తెలిస్తే ఇప్పటివారు ఆశ్చర్యపోతారు. హెడ్ కానిస్టేబులే స్టేషన్ హౌస్ ఆఫీసరు. 1902–03 నాటి పోలీసు కమిషన్ సిఫార్సుల తరువాతనే చదువుకున్నవారిని నేరుగా సబ్ ఇన్‌స్పెక్టర్లుగా తీసుకుని స్టేషన్లు వారికి అప్పగించారు. ఈ సంగతి చెప్పేటప్పుడు నాన్నగారి గొంతులో ఒక చిన్న గర్వం వినిపించేది. ఆయన చేతి మీది మూడు పట్టీలకు ఒకప్పుడు స్టేషనంతా లోబడి ఉండేదన్న తలపు ఆయనకు ఇష్టం.

మా తాతయ్య మాత్రం ఈ సంభాషణల్లో కలిసేవారు కారు. ఆయన వరండాలో పడక కుర్చీలో కూర్చుని చుట్ట కాల్చుకునేవారు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల నుంచి మిగిలినవి రెండే వస్తువులు. ఒకటి పాత తోలు బెల్టు, రెండోది ఇత్తడి పొన్ను వేసిన వెదురు లాఠీ. ఆ లాఠీని ఆయన ఇంట్లో పెట్టనిచ్చేవారు కారు. పెరటి తలుపుకు అడ్డగడియగా వాడమని అమ్మకు ఇచ్చేశారు. పోలీసు లాఠీని గడియగా ఎందుకు వాడుతున్నామో నాకు ఏడో తరగతికి వచ్చేదాకా తెలియలేదు.

ఆ సంవత్సరం ఆగస్టు పదిహేనుకు మా బడిలో తోట నరసయ్య నాయుడు గారి గురించి మాస్టారు చెప్పారు. 1930 మే నెలలో, ఉప్పు సత్యాగ్రహం ఊపులో ఉన్నప్పుడు, కోనేరు సెంటరులో మూడు రంగుల జెండా ఎగరవేయడానికి నరసయ్య నాయుడు గారు ముందుకు వచ్చారు. పోలీసులు ఆయనను లాఠీలతో కొట్టారు. దెబ్బ మీద దెబ్బ పడుతున్నా ఆయన జెండాను వదలలేదు. స్పృహ తప్పి పడిపోయినా జెండా కర్ర ఆయన పిడికిలిలోనే ఉండిపోయింది. భట్లపెనుమర్రులో పుట్టి బందరులో చదువుకున్న పింగళి వెంకయ్య గారు రూపుదిద్దిన జెండా గౌరవం, అదే బందరు నడిబొడ్డున ఒక మనిషి ఒంటి మీద అలా రాసి ఉంది. బడి నుంచి ఇంటికి పరుగెత్తుకుని వచ్చి, ఆయాసం తీరకుండానే తాతయ్యను అడిగాను.

"తాతయ్యా, ఆ రోజు నువ్వు అక్కడ ఉన్నావా?"

ఆయన చుట్ట తీసి పక్కన పెట్టారు. చాలాసేపు ఏమీ అనలేదు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, నన్ను లోపలికి రమ్మని సైగ చేసింది. నేను కదలలేదు.

"ఉన్నానే అమ్మాయ్. జనం ముందుకు రాకుండా ఆపే వరుసలో ఉన్నాను. నేను ఆయన మీద చెయ్యి చేసుకోలేదు. కానీ లాఠీ మా అందరి చేతుల్లోనూ ఉంది. ఎవరు కొట్టారు, ఎవరు కొట్టలేదు అని ఊళ్ళోవాళ్ళు లెక్క చూస్తారా?"

అంతకు మించి ఆయన ఆ విషయం ఎన్నడూ మాట్లాడలేదు. నెలకు పదిహేను ఇరవై రూపాయల జీతం మీద ఆరుగురిని పోషించవలసిన యువకుడు ఆ రోజు వరుస విడిచి పక్కకు తప్పుకోగలిగి ఉండేవాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించిన ప్రతిసారీ ఆయన మీద జాలి కలిగింది, నరసయ్య నాయుడు గారి మీద గౌరవం పెరిగింది. ఆ రెండూ ఒకదానినొకటి ఎప్పుడూ తగ్గించలేదు. తాతయ్య కోనేరు సెంటరు మీదుగా వెళ్ళేటప్పుడు తలపాగా తీసి చంకలో పెట్టుకునేవారు. ఎండకైనా వానకైనా అంతే. కారణం నేను అడగలేదు.

నాన్నగారి ప్రపంచం వేరు. ఆయన ఆయుధం కలం. స్టేషనులో మిగతావారు బీటుకూ, బందోబస్తుకూ, కోర్టు డ్యూటీకీ తిరుగుతుంటే రైటరు మాత్రం కొయ్యబల్ల ముందు కూర్చుని స్టేషను ఊపిరినంతా కాగితం మీద పెట్టాలి. జనరల్ డైరీ ఎప్పుడూ ఆగకూడదు. ఎవరు ఏ వేళకు డ్యూటీకి వెళ్ళారు, ఎవరు తిరిగి వచ్చారు, లాకప్పులో ఎవరున్నారు, తుపాకులు లెక్కకు సరిపోయాయా, అన్నీ వేళతో సహా కార్బన్ పెట్టి రాయాలి. కార్బన్ మసి వల్ల నాన్నగారి కుడి చేతి చిటికెన వేలు వైపు ఎప్పుడూ నీలంగా ఉండేది. అన్నం తినే ముందు ఆ మరకను చింతపండుతో రుద్దుకోవడం ఆయనకు రోజూ ఉన్న పని.

సెలవు రోజుల్లో భోజనం క్యారియరు తీసుకువెళ్ళినప్పుడు ఆ రికార్డుల గదిలో కాసేపు కూర్చోనిచ్చేవారు. స్టేషన్ క్రైమ్ హిస్టరీ అని ఐదు భాగాల పుస్తకాలు ఉండేవి, అవి మద్రాసు పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల నుంచి వచ్చిన పద్ధతి. నాలుగో భాగంలో ఒక్కొక్క ఊరికి కొన్ని పేజీలు. ఆ ఊళ్ళో ఎన్ని వర్గాలు, ఏ నీటి బోదె దగ్గర తగాదా, ఏ జాతరలో ఎప్పుడు గొడవ జరిగింది, ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్ళాలి, ఏ వీధిలోకి వెళ్ళకూడదు, ఇలా తరాల తరబడి వచ్చిన అధికారులు రాసుకుంటూ పోయిన మాటలు. నేరాల కోసం పెట్టిన పుస్తకమే అయినా పల్లెల చరిత్ర అంత నిజాయితీగా మరెక్కడా దొరకదని నా అభిప్రాయం. ఐదో భాగంలో పాత నేరస్థుల హిస్టరీ షీట్లు. మనం తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట ఆ షీట్ల నుంచి వచ్చిందే. పేరుపడిన దొంగలను ఇంగ్లీషులో 'నోన్ డిప్రెడేటర్' (Known Depredator) అనేవారు, ఆ రెండు మాటల మొదటి ఇంగ్లీషు అక్షరాలు కె, డి జనం నోట్లో పడి తెలుగు మాటగా స్థిరపడిపోయాయి.

నాన్నగారి రాతలో ఒక తెలుగు ఉండేది. 'సదరు ఫిర్యాది', 'సదరు ముద్దాయి', 'మధ్యవర్తుల సమక్షంలో', 'పై తెలిపిన వేళకు' అంటూ నడిచే తెలుగు. ఒక్కొక్క వాక్యం అరపేజీ ఉండేది, కానీ ఎవరు ఎవరిని ఏం చేశారన్నది ఎక్కడా తప్పిపోయేది కాదు. ఆయన నా వ్యాసాలు దిద్దేటప్పుడు అదే చెప్పేవారు. "చూసినది చూసినట్టు రాయి, విన్నది విన్నట్టు రాయి. రెండూ కలపకు తల్లీ. కలిపితే కోర్టులో నిలవదు."

పండుగలు మాకు ఇంట్లో నాన్నగారు లేని రోజులు. దసరాకు అమ్మవారి శక్తిపటాల ఊరేగింపు బయలుదేరితే కోనేరు సెంటరు దాకా రాత్రంతా బందోబస్తు. మొహరంలో పీర్ల ఊరేగింపులు. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగడి గుడి దగ్గరా, మంగినపూడి సముద్రస్నానాల దగ్గరా వేలకొద్దీ జనం. తెల్లవారుజామున ఇసుక నిండిన బూట్లతో ఇంటికి వచ్చి, తప్పిపోయిన పిల్లలు ఎంతమంది దొరికారో చెప్పి పడుకునేవారు. ఎన్ని దొంగతనాలు పట్టుకున్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఏ పిల్లవాడు ఏ ఊరి పేరు చెప్పలేక ఏడ్చాడో, వాడికి ఎవరు మిఠాయి కొనిపెట్టారో పూస గుచ్చినట్టు చెప్పేవారు.

ఇక 1977 నవంబరు 19 గురించి. ఆ రోజు శనివారం. పొద్దుటి నుంచి గాలి, వాన. మధ్యాహ్నానికి లైన్లలోని పెంకులు కాగితాల్లా లేచిపోసాగాయి. ఆడవాళ్ళం, పిల్లలం అంతా గోడలు గట్టిగా ఉన్న ఒకే ఇంట్లో చేరి, తలుపుకు బల్లలు ఆనించి కూర్చున్నాం. అంత గాలిలోనూ గార్డు జవాను వేళ తప్పకుండా గంట కొట్టాడని కొందరు అంటారు. నాకు మాత్రం ఆ రాత్రి గంట వినిపించలేదు. తాతయ్య పెరటి తలుపు గడియలోంచి లాఠీ జారిపోకుండా దానిని రెండు చేతులతో పట్టుకుని తెల్లవార్లూ అక్కడే కూర్చున్నారు.

తెల్లవారాక చూస్తే బందరులో చెట్టన్నది లేదు. టెలిఫోను తీగలు, కరెంటు తీగలు అన్నీ నేలపాలయ్యాయి. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమలో ఏమయిందో మాకెవరికీ తెలియదు. ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టిందని కబురు మెల్లమెల్లగా నడిచి వచ్చిన మనుషుల నోటి ద్వారా చేరింది. కోడూరు, నాగాయలంక వైపు సముద్రం మైళ్ళకొద్దీ లోపలికి వచ్చి, తాటిచెట్టెత్తు నీటిగోడలా ఊళ్ళ మీద పడిందని చెప్పారు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు సుమారు పది వేలు. 1864 నవంబరులో బందరును ముంచి ముప్పై వేల మందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెన గురించి మా పెద్దలు కథలా చెప్పేవారు. అది కథ కాదని ఆ వారం మాకు తెలిసింది.

నాన్నగారిని, మరికొందరిని సోమవారం దివిసీమకు పంపారు. చల్లపల్లి దాకా లారీ, తరువాత కొంత దూరం ట్రాక్టరు, ఆపైన బురదలో నడక. నిక్కరు వేసుకుని కాళ్ళకు పట్టీలు చుట్టుకునే కాలంలో చేరిన మనిషి, ప్యాంట్లు వచ్చాక కూడా ఆ పాత నిక్కరును పెట్టెలో దాచుకున్నారు. ఆ రోజు దానినే వేసుకుని వెళ్ళారు. పద్దెనిమిది రోజుల తరువాత తిరిగి వచ్చారు. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, నూతి దగ్గర నీళ్ళు తోడి పొయ్యమని అమ్మను అడిగారు. ఎన్ని బిందెలు పోసినా ఇంకా పొయ్యమనే అన్నారు.

అక్కడ ఆయన చేసిన పని ఏమిటో మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. అనుమానాస్పదంగా గానీ, ప్రమాదంలో గానీ మనిషి చనిపోతే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద శవపంచనామా జరగాలి. కనీసం ఇద్దరు మధ్యవర్తులు కావాలి, సంతకాలు కావాలి. మధ్యవర్తులుగా నిలబడడానికి ఊళ్ళో మనుషులే మిగలనిచోట ఆ చట్టం ఏం చేయగలదు? మనుషులూ పశువులూ తుమ్మ కంపల్లో, గట్ల మీద కలిసిపోయి ఉన్నారు. రోగాలు ప్రబలకుండా దొరికినవారిని దొరికినచోటే దహనం చేయవలసి వచ్చింది. స్వచ్ఛంద సేవకులు, విద్యార్థులు, పోలీసులు, అందరూ కర్రలు మోశారు. తాకడానికి జనం భయపడిన శరీరాలను ఖాకీ బట్టల్లో ఉన్న మనుషులు భుజాన వేసుకుని తెచ్చారు. నాకు తెలిసినంతలో వారిలో ఎవరికీ పతకాలు రాలేదు, వారు అడగలేదు కూడా.

ఆ పని మధ్యలో నాన్నగారు తనకు ఎవరూ చెప్పని ఒక పని పెట్టుకున్నారు. ఒక నలభై పేజీల రూళ్ళ నోటు పుస్తకం సంపాదించి, నిప్పు పెట్టేముందు తాను చూడగలిగినంతవరకు ఒక్కొక్కరి గుర్తులు రాశారు. పేరు తెలియదు కాబట్టి అంకె వేశారు. మగ లేక ఆడ, ఉజ్జాయింపు వయసు, బట్టల రంగు, పచ్చబొట్టు, మొలతాడు, తాయెత్తు, ఎక్కడ దొరికారు, ఏ వేళకు. రైటరుగా ఏళ్ళ తరబడి చేసిన అలవాటు, అంత కష్టంలోనూ ఆయన చేతిని నడిపింది. మూడో రోజుకు ఒకరికొకరు తేడా తెలియని స్థితి వచ్చి రాయడం ఆగిపోయింది. అప్పటికి అరవై ఒక్క మంది.

ఆ తరువాతి ఏళ్ళలో శాఖ ఎంతో మారింది. 1984లో మునసబు కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు, స్టేషనుకు నూరేళ్ళకు పైగా రిపోర్టు రాసి పంపిన ఊరి మునసబు మాయమయ్యాడు. పల్లెలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి పోలీసు తన కాళ్ళ మీద తానే నడవవలసి వచ్చిందని నాన్నగారు అనేవారు. బందరు ఇప్పుడు నగరపాలక సంస్థ. 2022లో జిల్లాలు మారి విజయవాడ వైపు వేరయినా, కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణంగా మా ఊరే మిగిలింది. జనరల్ డైరీ కంప్యూటరులోకి వెళ్ళింది, కార్బన్ మరకలు పోయాయి. కొత్త నేర చట్టాలు రావడంతో 2024 జూలై 1 నుంచి సెక్షన్ల అంకెలు కూడా మారాయి. హత్యకు 302 పోయి 103, దొంగతనానికి 379 పోయి 303, మోసానికి 420 పోయి 318. శవపంచనామా 174 కాస్తా 194 అయింది. నిద్రలో లేపి అడిగినా పాత అంకెలు చెప్పగలిగిన నాన్నగారు ఈ మార్పు చూడకుండానే వెళ్ళిపోయారు.

నేటికీ పోలీసు స్టేషను మెట్లు ఎక్కడానికి పేదవాడు భయపడుతున్నాడు, ఆ భయానికి కారణాలున్నాయి. లాఠీ ఎవరి చేతిలో ఉందో ఊళ్ళోవాళ్ళు లెక్క చూడరన్న తాతయ్య మాట నాకు ఇప్పటికీ నిజమే అనిపిస్తుంది. అయితే అదే శాఖలో ఒక మనిషి, అడిగేవారు ఎవరూ లేనిచోట, పేరు తెలియని అరవై ఒక్క మందికి తనకు చేతనయిన రీతిలో ఒక్కొక్క పంక్తి కేటాయించాడు. ఆ ఇద్దరూ నా వాళ్ళే.

ఇంటి సామాను పంచుకున్నప్పుడు అన్నయ్య లాఠీ తీసుకున్నాడు, నేను ఆ నోటు పుస్తకం తీసుకున్నాను. అట్ట ఊడిపోయింది, కాగితం అంచుల్లో బురద నీటి మరక గోధుమ రంగులో ఉంది. 1978లో దివిసీమ నుంచి కొందరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన సంగతి నాకు గుర్తుంది. నాన్నగారు వరండాలో చాప వేయించి, ముందు వారిని మాట్లాడనిచ్చి, ఆ తరువాత పుస్తకం తెరిచి మెల్లగా చదివేవారు. చాలామంది తమవారు లేరని తెలుసుకుని లేచి వెళ్ళిపోయేవారు. పుస్తకంలో మూడు చోట్ల మాత్రం నీలం సిరా కింద నల్ల సిరాతో రెండో పంక్తి ఉంది. వాటిలో ఒకటి ఇది:

"37. ఆడ. సుమారు 25 సం. ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. ఆకుపచ్చ చీర. కుడి కాలికి కడియం. గట్టు పక్కన తుమ్మచెట్టు వద్ద. పగలు 11 గం."

"అన్న వచ్చి గుర్తుపట్టినాడు. కడియం ఇచ్చినాను. 14-1-78."